ఫెర్టిలిటీ: శక్తి పేరా, లెక్క పేరా?

ప్రపంచమంతటా ఫెర్టిలిటీ రేటు పడిపోతోందని వార్త వస్తుంది. చదివిన చాలామందికి మొదట తోచేది ఒకటే: మనుషులకు పిల్లల్ని కనే శక్తి తగ్గిపోతోందన్నమాట! ఇక కారణాల వేట మొదలవుతుంది. ప్లాస్టిక్, పురుగుమందులు, సెల్‌ఫోన్, ఆఫీసు టెన్షన్... ఒక్కొక్కరు ఒక్కో దోషిని పట్టుకొస్తారు. వీటిలో కొన్నింటిపై నిజంగానే పరిశోధన జరుగుతోంది. కానీ ఆ వార్త చెబుతున్నది వాటి గురించి కాదు, శక్తి గురించి అసలే కాదు. ఎంతమంది పిల్లలు పుట్టారన్న లెక్క గురించి.

అదే మాట ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు మీద కనిపిస్తే అర్థం వేరు. అక్కడ అది శక్తి మాటే: ఈ దంపతులకు గర్భం నిలుస్తుందా, నిలవకపోతే అడ్డం ఎక్కడుంది? మట్టి పరీక్ష చేసేవాళ్ల నోట వచ్చినా శక్తి మాటే. అక్కడ పండిన పంటకు వేరే పేరుంది. అంటే ఒకే మాట ఒకచోట సామర్థ్యాన్ని, ఇంకోచోట ఫలితాన్ని సూచిస్తోంది. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో తెలియకపోతే జనాభా వార్తలు, వైద్యం ప్రకటనలు, ప్రభుత్వ పథకాలు అన్నీ కలగాపులగమవుతాయి.

జనాభా శాస్త్రంలో ఈ రెంటినీ కావాలనే విడదీశారు. నిజంగా పుట్టిన బిడ్డల లెక్క ఫెర్టిలిటీ. బిడ్డను కనగల శారీరక సామర్థ్యం ఫెకండిటీ. పిల్లలు వద్దనుకున్న ఆరోగ్యవంతురాలికి రెండోది పూర్తిగా ఉంటుంది, మొదటి లెక్కలో ఆమెది సున్నా. తమాషా ఏమిటంటే, ఫ్రెంచివాళ్లు ఇవే రెండు మాటల్ని తలకిందులుగా వాడతారు. వాళ్లకు ఫెకాందితే అంటే పుట్టిన పిల్లల లెక్క, ఫెర్తిలితే అంటే సామర్థ్యం. స్పానిష్‌లోనూ అంతే. నిపుణులే ఇలా అటూ ఇటూ అయినప్పుడు మామూలు పాఠకుడు తడబడటంలో వింత లేదు. తెలుగులో స్థిరపడిన ‘సంతానోత్పత్తి రేటు’ ఈ విషయంలో నయమే, అందులో ఉత్పత్తి ఉంది కాబట్టి. దాన్ని ‘సంతానోత్పత్తి సామర్థ్యం’ అని మార్చి రాసినప్పుడే వార్త దారి తప్పుతుంది.

ఇంతకీ ఆ రేటును ఎలా కడతారు? వార్తల్లో 2.0, 1.2, 0.72 అని కనిపించే అంకెను మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు, పొట్టిగా టీఎఫ్ఆర్. ఉదాహరణకు ఒక ఊహా దేశాన్ని తీసుకుందాం. అక్కడ ఒక ఏడాదిలో 15–19 ఏళ్ల స్త్రీలు ప్రతి 1000 మందికి 20 మంది పిల్లలు పుట్టారు. 20–24 వయసులో 110, 25–29లో 130, 30–34లో 80, 35–39లో 35, 40–44లో 10, 45–49లో 2. అన్నీ కూడితే 387. ఒక్కో వయసు గుంపులో ఒక స్త్రీ అయిదేళ్లు గడుపుతుంది కాబట్టి అయిదుతో హెచ్చిస్తే 1935. ఇది 1000 మంది స్త్రీల లెక్క, ఒక్కరికి 1.94.

ఈ 1.94 ఏ స్త్రీ జీవితమూ కాదన్నది ఇక్కడ గమనించాలి. ఈ ఏడాది 15 ఏళ్లున్న అమ్మాయి 27వ ఏట ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు 27 ఏళ్లున్నవాళ్లు కంటున్నట్టే అప్పుడు ఆమె కూడా కంటుందని అనుకుని కట్టిన లెక్క ఇది. 15 నుంచి 49 వరకు ఉన్న 35 ఏళ్ల జీవితాన్ని ఒక్క క్యాలెండర్ ఏడాదిలోకి కుదించిన ఊహా స్త్రీ సగటు. ఊహే అయినా చాలా పనికొచ్చే ఊహ. జనాభాలో పడుచువాళ్లు ఎక్కువా ముసలివాళ్లు ఎక్కువా అన్న తేడా దీన్ని పెద్దగా తాకదు. వెయ్యిమంది జనాభాకు ఎన్ని పుట్టుకలు అని చెప్పే మామూలు జననాల రేటుకు ఆ సౌకర్యం లేదు.

కానీ ఒక ఏడాదిని కోసి చూపించే లెక్క కాబట్టి వాయిదాలకు ఇది ఇట్టే మోసపోతుంది. ఒక తరం ఆడవాళ్లంతా ఇద్దరేసి పిల్లల్నే కంటారనుకుందాం, కాకపోతే మొదటి కాన్పును రెండేళ్లు వెనక్కి నెట్టారు. చివరికి ఒక్క బిడ్డా తగ్గదు. అయినా ఆ వాయిదా నడిచినన్నాళ్లూ టీఎఫ్ఆర్ రెండుకు దిగువనే కనిపిస్తుంది. 1998లో జనాభా శాస్త్రవేత్తలు జాన్ బొంగార్ట్స్, గ్రిఫిత్ ఫీనీ ఈ వక్రతను సరిచేసే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. అప్పటి నుంచి దాని మీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి.

వాయిదా ప్రభావం ఎంతటిదో చూడాలంటే 1966 నాటి జపాన్‌ను మించిన ఉదాహరణ లేదు. అక్కడి సంప్రదాయ పంచాంగంలో 60 ఏళ్లకోసారి ‘అగ్ని గుర్రం’ సంవత్సరం వస్తుంది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుడికి అరిష్టమని నమ్మకం. 1965లో 2.14 ఉన్న టీఎఫ్ఆర్ 1966లో 1.58కి పడిపోయింది, 1967లో 2.23కి లేచింది. పుట్టుకలు ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగో వంతు తగ్గాయి. దేశంలోని స్త్రీ పురుషుల శక్తి ఒక్క ఏడాదికి ఆవిరైపోయి మళ్లీ తిరిగిరాలేదు కదా! 1989లో టీఎఫ్ఆర్ 1.57 అని మరుసటి ఏడాది బయటపడినప్పుడు జపాన్ ఉలిక్కిపడింది. ఏ అరిష్టమూ లేని మామూలు ఏడాదిలో, అరిష్టం ఏడాది కన్నా తక్కువ.

దీనికి ఎదురు దిక్కున రొమేనియా. 1966 అక్టోబరులో అక్కడి నియంత చౌషెస్కూ ప్రభుత్వం 770వ నంబరు డిక్రీతో అబార్షన్‌ను కొద్ది మినహాయింపులతో నిషేధించింది. ఆ ఏడాది 1.9 దగ్గరున్న టీఎఫ్ఆర్ 1967లో దాదాపు 3.7 అయింది. ఇదీ శక్తి పెరగడం కాదు. ఆడవాళ్లు దొంగచాటు దారులు వెతుక్కున్నాక అంకె మళ్లీ దిగుతూ వచ్చింది. ఆ దారుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల సంఖ్య ఎక్కడికి చేరిందంటే, ఐరోపాలోకెల్లా తల్లుల మరణాలు అక్కడే ఎక్కువయ్యాయి. ప్రభుత్వం కూలిన 1989 డిసెంబరులో డిక్రీ కూడా పోయింది.

2.1 అన్న అంకె గురించి రెండు ముక్కలు. తల్లి తరం స్థానంలోకి అంతే పెద్ద కూతుళ్ల తరం రావడానికి కావలసిన రేటు ఇది. రెండు కాకుండా రెండు పైచిలుకు ఎందుకంటే, 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, ఆడపిల్లల్లో కొందరు తల్లి వయసుకు రాకముందే చనిపోతారు. చావులు ఎక్కువున్న దేశంలో 2.1 చాలదు. రేటు ఇంతకన్నా తగ్గిన మర్నాటి నుంచే జనాభా తగ్గుతుందనుకోవడం కూడా పొరపాటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భారత్ రేటు 2.0. అయినా జనాభా పెరుగుతోంది, ఎందుకంటే వెనకటి పెద్ద తరాల ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు.

శక్తి ఒకటే అయినా ఫలితం ఎంత మారగలదో మానవ సమాజాల నుంచే చూడొచ్చు. ఉత్తర అమెరికాలోని హటరైట్లు అనే క్రైస్తవ వర్గం ఉమ్మడి ఆస్తితో వ్యవసాయం చేసుకుంటూ బతికేవాళ్లు. గర్భనిరోధం వాళ్లకు నిషిద్ధం, వైద్యం మాత్రం అందుబాటులో ఉండేది. 1950 ప్రాంతంలో కాన్పుల వయసు దాటిన వివాహితలకు అక్కడ సగటున పదిమందికి పైగా పిల్లలు. కలహారి ఎడారిలో వేట, సేకరణలతో బతికిన కుంగ్ స్త్రీలూ ఆధునిక గర్భనిరోధక సాధనాలు ఎరగరు. వాళ్లకు సగటున అయిదుగురికి కాస్త తక్కువ. బిడ్డకీ బిడ్డకీ నడుమ దాదాపు నాలుగేళ్ల ఎడం. ఏళ్ల తరబడి, రోజంతా మాటిమాటికీ పాలివ్వడం వల్ల అండం విడుదల ఆలస్యమవడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఎవరూ ఏదీ ఆపకపోయినా ఒకచోట పది, ఒకచోట అయిదు.

బొంగార్ట్స్ 1978లో దీన్ని ఒక చట్రంలో పెట్టాడు. ఏ అడ్డూ లేకపోతే ఒక స్త్రీకి సగటున 15 మంది దాకా పిల్లలు పుట్టగలరు. ఆ పదిహేనును నాలుగు విషయాలు కోసుకుంటూ వస్తాయన్నాడు. ఎప్పుడు జంట కడతారు, గర్భనిరోధం ఎంత వాడతారు, అబార్షన్లు ఎన్ని, కాన్పు తర్వాత పాలిచ్చే కాలం ఎంత. చదువు, ఆదాయం, మతం, ఇంటి అద్దె లాంటివి పుట్టుకల మీద చూపే ప్రభావమంతా దాదాపుగా ఈ నాలుగు దారుల్లోంచే వెళ్లాలి. జనాభా శాస్త్రంలో ఇంత పొదుపైన ఆలోచనలు అరుదు.

ఇక క్లినిక్. ఇక్కడ ఫెర్టిలిటీ అంటే శక్తేనని చెప్పుకున్నాం, కానీ ఆ శక్తిని నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం చూడండి: 12 నెలలు లేదా అంతకుమించి, గర్భనిరోధకాలు లేకుండా క్రమంగా కలిసినా గర్భం రాకపోతే ఇన్‌ఫెర్టిలిటీ. అంటే లేమిని ఫలితంతోనే, అదీ క్యాలెండర్ చూసి, తేలుస్తున్నారు. గర్భం నిలిచే అవకాశం నెలలో అన్ని రోజులూ ఉండదు; అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు. వయసులో ఉన్న ఆరోగ్యవంతమైన జంటకు ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం మహా అయితే నాలుగో వంతు.

ఈ లెక్కను కాస్త దగ్గరగా చూడాలి. నెలకు 20 శాతం అవకాశం ఉన్న జంటలు వంద ఉంటే, ఏడాది తిరిగేసరికి సుమారు 93 జంటలకు గర్భం వస్తుంది. మిగిలిన ఏడు జంటలకు ఏ లోపమూ లేదు, రాలేదంతే. అయినా నిర్వచనం ప్రకారం వాళ్లు ఇన్‌ఫెర్టైల్. నెలకు 5 శాతం మాత్రమే అవకాశం ఉన్న వంద జంటల్లో ఏడాదికి 46 మందికి వస్తుంది, 54 మందికి ఆ ముద్ర పడుతుంది. అదే జంటలు ఇంకో ఏడాది ఆగితే మొత్తం 71 మందికి వస్తుంది. కాబట్టి ఆ 12 నెలలు పరీక్షలు మొదలుపెట్టడానికి పెట్టుకున్న గడువు, అంతకుమించి ఏమీ కాదు. దాన్ని తీర్పులా చదివి, అదీ ఎక్కువగా ఆడవాళ్ల మీద వేసి, ఇళ్లలో జరిగే రాద్ధాంతం అంతా ఇంతా కాదు. మరోవైపు, 35 దాటిన స్త్రీ ఏడాది ఆగకూడదు, ఆరు నెలలకే చూపించుకోవాలంటారు డాక్టర్లు. ఆ వయసులో నెలవారీ అవకాశం తగ్గుతూ పోతుంది, కాలం కూడా తక్కువ.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితిని ఎదుర్కొంటారు. ఇందులో ‘ఎప్పుడో ఒకప్పుడు’ అన్నది కీలకం. ఆరుగురిలో ఒకరికి పిల్లలే పుట్టరని దీనికి అర్థం కాదు. ఒక బిడ్డ పుట్టాక రెండో గర్భం నిలవనివాళ్లూ ఇందులో ఉన్నారు.

ల్యాబ్ రిపోర్టులోని అంకెలదీ ఇదే తంతు. వీర్యకణాల సాంద్రతకు 2021 నాటి కనీస ప్రమాణం మిల్లీలీటరుకు 160 లక్షలు. ఇది ఎక్కడిది? ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన మగవాళ్ల నమూనాలు తీసుకుని, వాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత. అంటే గీతకు దిగువన ఉన్న ఆ 5 శాతమూ తండ్రులైనవాళ్లే! 150 లక్షలు వచ్చిన మగవాడు పనికిరానివాడూ కాదు, 170 లక్షలు వచ్చినవాడికి గ్యారంటీ ఏమీ లేదు. ఆడవాళ్లకు ‘ఫెర్టిలిటీ టెస్ట్’ పేరుతో చేసే ఏఎంహెచ్ అనే హార్మోన్ పరీక్ష కథా అంతే. అండాశయంలో అండాల నిల్వ సుమారుగా ఎంతుందో, ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ చేసే చికిత్స) మందులకు అది ఎలా స్పందిస్తుందో చెప్పడానికి అది పనికొస్తుంది. మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పలేదని 2017లో వెలువడిన అధ్యయనంలో తేలింది. ఆ రిపోర్టు చూసి బెంబేలెత్తిపోవడం, లేదా నిశ్చింతగా అయిదేళ్లు ఆగడం, రెండూ దాన్ని మించి చదవడమే.

నేల దగ్గరికి వస్తే మాటలు ఎంతో శుభ్రంగా ఉన్నాయి. భూసారం వేరు, దిగుబడి వేరు. పోషకాలు నిండుగా ఉన్న నేల నీరు లేక బీడు పడొచ్చు, నీరు నిలిచి పాడవచ్చు, చలికి ఏమీ మొలవకపోవచ్చు. సారవంతమైనదే, పండదు. ఇంకోవైపు అమెజాన్ అడవి కింది నేలలో చాలా భాగం నిస్సారం. పోషకాలన్నీ చెట్లలోనే ఉండి, రాలిన ఆకు కుళ్లగానే మళ్లీ వేళ్లలోకి వెళ్లిపోతాయి. పచ్చదనం చూసి అడవి కొట్టి సాగుకు దిగినవాళ్లు నాలుగు పంటలకే దెబ్బతిన్నారు.

సారం అనేది ఒక్క అంకెలో ఇమడదు కూడా. మొక్కకు 17 పోషకాలు కావాలి. ఏది అన్నింటికన్నా కొరతగా ఉందో అదే దిగుబడిని నిర్ణయిస్తుందని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ స్ప్రెంగెల్ చెప్పాడు, మరో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. జింకు లేని చేలో యూరియా ఎంత కుమ్మరించినా డబ్బు దండగ. భాస్వరం ఇంకా చిత్రం. నేలలో బోలెడంత ఉంటుంది, కానీ సున్నం ఎక్కువున్న నేలలో కాల్షియం, ఆమ్ల నేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. మొక్కకు దక్కేది కొంచెమే. అందుకే మట్టి పరీక్ష మొత్తం భాస్వరాన్ని కాకుండా అందుబాటులో ఉన్నదాన్నే కొలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒక మడిలో ఎరువూ పెంటా వేయకుండా గోధుమ పండిస్తున్నారు. నూటెనభై ఏళ్ల తర్వాత కూడా ఆ మడి హెక్టారుకు సుమారు ఒక టన్ను ఇస్తోంది. పక్కన ఎరువులు వేసిన మళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఆ ఒక టన్ను నేల సొంత సారం, మిగిలింది మనిషి పోసింది.

ఇంకొన్ని రంగాల్లోనూ ఈ మాట తిరుగుతుంది. హేచరీలో గుడ్డుకు వెలుగు పట్టి చూసి ఫలదీకరణ జరిగిన గుడ్ల శాతాన్ని ఫెర్టిలిటీ అంటారు, పిల్ల బయటికొచ్చిన శాతానికి మాత్రం హ్యాచబిలిటీ అని వేరే పేరుంది. పూత మీదున్న వరికి 35 డిగ్రీలు దాటిన ఎండ తగిలితే పుప్పొడి పనిచేయక తాలు పెరుగుతుంది. హైబ్రిడ్ వరి విత్తనం తయారుచేసేవాళ్లు కోరి మగ వంధ్యత్వం ఉన్న వంగడాన్ని పెంచుతారు, రైతు చేలో గింజ పట్టడానికి దాన్ని ఫెర్టిలిటీ తిరిగి తెచ్చే వంగడంతో సంకరం చేస్తారు. అణుశాస్త్రంలో థోరియం-232ను ఫెర్టైల్ అంటారు. అది రియాక్టరులో ఇంధనంలా విచ్ఛిత్తి చెందదు, అంటే చీలి శక్తినివ్వదు, కానీ ఒక న్యూట్రాన్‌ను మింగి కొన్నాళ్లకు విచ్ఛిత్తి చెందే యురేనియం-233గా మారుతుంది.

శక్తి, లెక్క నిజంగానే ఢీకొనే చోటు ఒకటుంది. 1973 నుంచి 2011 వరకు పాశ్చాత్య దేశాల మగవాళ్లలో వీర్యకణాల సాంద్రత సగానికి పైగా తగ్గిందని 2017లో ఒక పెద్ద సమీక్ష తేల్చింది: మిల్లీలీటరుకు 990 లక్షల నుంచి 470 లక్షలకు. పాత లెక్కింపు పద్ధతుల మీద, నమూనాల ఎంపిక మీద విమర్శలున్నాయి, వదిలేయదగిన విషయమైతే కాదు. కానీ దీన్నే టీఎఫ్ఆర్ పతనానికి కారణంగా చూపడం కుదరదు. 470 కూడా 160కి చాలా పైన ఉంది. పైగా దక్షిణ కొరియాలో 1960లో ఆరు దగ్గరున్న టీఎఫ్ఆర్ 1983 నాటికే 2.1 దిగువకు వచ్చింది. ఒక్క తరంలో అంత వేగంగా మారేవి పెళ్లి వయసు, కుటుంబ నియంత్రణ, బతుకు లెక్కలు, శరీరం కాదు. అక్కడే 2023లో 0.72కి చేరిన రేటు 2024లో 0.75కి లేవడానికి ముందు జరిగింది పెళ్లిళ్లు పెరగడం.

అయితే వాయిదా ముదిరితే శరీరం మళ్లీ లెక్కలోకి వస్తుంది. 27లో వద్దనుకున్న బిడ్డను 39లో కావాలనుకుంటే అందరికీ దక్కదు. అలా కోరుకున్నా పుట్టని పిల్లలు కూడా తక్కువ టీఎఫ్ఆర్‌లో ఒక భాగం. ప్రభుత్వాలు ఐవీఎఫ్‌కు డబ్బు పెడుతున్నది ఈ భాగం కోసమే. జపాన్ 2022 ఏప్రిల్ నుంచి 43 ఏళ్ల లోపు స్త్రీలకు ఐవీఎఫ్‌ను ఆరోగ్య బీమాలోకి తెచ్చింది. 2022లో అక్కడ పుట్టిన పిల్లల్లో సుమారు పదిలో ఒకరు ఇలాంటి చికిత్సల వల్ల పుట్టినవాళ్లే. ఆ తల్లిదండ్రులకు అది చిన్న విషయం కాదు. దేశం టీఎఫ్ఆర్ మాత్రం 2022లో 1.26, 2023లో 1.20, 2024లో 1.15.